‘టూటీ ఫ్రూటీ’: కాగితానికెక్కని పాట

తెలుగు ఊళ్లలో టూటీ ఫ్రూటీ అంటే బేకరీ బన్నులో పంటికి తగిలే ఎర్రటి, పచ్చటి ముక్కలు. పచ్చి బొప్పాయిని సన్నగా తరిగి, పాకంలో ఉడికించి, రంగు పట్టించి చేసే ఆ ముక్కలకు తీపి తప్ప తమదంటూ వేరే రుచి ఉండదు. అమెరికాలో ఆ పేరు పండ్ల ముక్కలు కలిపిన ఒక రకం ఐస్‌క్రీముది. 1955 సెప్టెంబరు 14న న్యూ ఆర్లీన్స్ నగరంలో, రికార్డులూ ఇంటి సామానూ అమ్మే ఒక కొట్టు వెనక గదిలో, ఇదే పేరుతో ఒక పాట రికార్డయింది. నిడివి రెండున్నర నిమిషాలకు మించదు. పాడింది లిటిల్ రిచర్డ్ అనే పేరుతో తిరుగుతున్న ఇరవై రెండేళ్ల నల్లజాతి యువకుడు, రిచర్డ్ వేన్ పెన్నిమన్. ఆ పాటకు ఆ ఐస్‌క్రీముతో అసలు సంబంధం ఉందా లేదా అన్నది కూడా తర్వాత దశాబ్దాల పాటు తెగని తగువుగానే మిగిలింది.

ఈ రికార్డు పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథ చాలామందికి తెలిసిందే. సెషన్ చప్పగా సాగుతోంది, భోజన విరామంలో గాయకుడు ఊరికే ఒక బూతు పాట ఎత్తుకున్నాడు, అది నిర్మాత చెవిన పడింది, ఒక అమ్మాయిని పిలిపించి మాటలు కడిగించారు, ఆఖరి పదిహేను నిమిషాల్లో మూడు టేకులతో పని ముగిసింది. ఈ కథలో అబద్ధం పెద్దగా లేదు. అయితే అది చెప్పే తీరు మన దృష్టినంతా మాటల మీదికి, అంటే ఏ బూతులు ఉండేవి, వాటిని ఎవరు తీసేశారు అన్న కుతూహలం మీదికి మళ్లిస్తుంది. నన్నడిగితే ఆ రికార్డులో అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం ఉన్నవి మాటలే. మార్చడానికి వీలైన మాటలను ఒకటికి రెండుసార్లు మార్చారు, అయినా పాటకు ఏమీ కాలేదు. మార్చడానికి వీలుకానివి గొంతు, పియానో మీద ఆడిన చేయి, ఆ చేతికీ డ్రమ్ముకూ మధ్య జరిగిన పెనుగులాట. వీటిని ఆస్తిగా గుర్తించే నిబంధన ఆనాటి అమెరికా కాపీరైట్ చట్టంలో లేదు. ఈ రికార్డు చుట్టూ తిరిగిన డబ్బు ఎవరి జేబులోకి చేరిందన్న ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు ఆ లోటులోనే దొరుకుతుంది.

పాట వాద్యాలేవీ లేకుండా ఒక కేకతో మొదలవుతుంది. ‘అ-వాప్-బాప్-అ-లూ-మాప్’ అంటూ ఎత్తుకుని ‘బామ్ బూమ్’ అని దిగుతుంది. దీని అర్థం ఏమిటని ఇంగ్లీషు పత్రికల్లో ఎందరో తలలు పట్టుకున్నారు గానీ, తెలుగు శ్రోతకు ఆ ఇబ్బంది ఉండనక్కర్లేదు. మృదంగం నేర్చుకునే పిల్లవాడు వాద్యం మీద చేయి వేయకముందే జతులను నోటితో చెబుతాడు, నాట్యం నేర్పే గురువు తాళం వేస్తూ అవే జతులు పలుకుతారు, ‘తకధిమి’కి అర్థమేమిటని ఎవరూ అడగరు. రిచర్డ్ నోట వచ్చింది కూడా జతే. డ్రమ్ము మీద మోగాల్సిన దరువును అతను నోటితో మోగించాడు. పల్లవి పాడిన ప్రతిసారీ చివర్లో వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి ఆ కేకకు దారి ఇస్తాయి. మామూలు పాటలో అలాంటి ఖాళీ చోటు డ్రమ్మరుది. ఇక్కడ ఆ చోటును గొంతు ఆక్రమించుకుంది.

ఆ కేక ఎక్కడి నుంచి వచ్చిందో రిచర్డ్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. సొంత ఊరు మేకన్‌లో, గ్రేహౌండ్ బస్ స్టేషన్‌లో అంట్లు తోమే పనిలో ఉన్నప్పుడు, తోమినకొద్దీ ఇంకా గిన్నెలు తెచ్చి పడేసే పై మనిషికి ఎదురు మాట్లాడే వీలు లేక, లోపలి కోపాన్ని ఈ శబ్దంగా మార్చి అరిచి, తీసుకుపొమ్మనేవాడట. పేరు వచ్చాక కళాకారులు తమ గతం గురించి చెప్పుకునే మాటలను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి, ఇతని విషయంలో మరీనూ. అయినా ఈ జ్ఞాపకంలో నన్ను ఆకట్టుకునేది ఒకటుంది. అతని లెక్కలో కూడా ఆ కేక పుట్టింది మాట పనికిరాని చోట, మాట ఆడితే పని పోయే చోట.

గొంతు మాత్రం అంట్లు తోమే చోట తయారవలేదు. జార్జియా రాష్ట్రంలో, పన్నెండుమంది పిల్లలున్న కుటుంబంలో పుట్టిన రిచర్డ్‌కు చర్చి పాటలే తొలి చదువు. 1947లో గాస్పెల్ గాయని సిస్టర్ రొసెటా థార్ప్ మేకన్ ఆడిటోరియంలో కచేరీకి వచ్చినప్పుడు, పద్నాలుగేళ్ల ఈ కుర్రాడి చేత వేదిక మీద పాడించింది. రెండు మాటల మధ్య గొంతును ఒక్కసారిగా పైస్థాయికి విసిరేసే ఆ ‘ఊ’ కూతను గాస్పెల్ గాయని మేరియన్ విలియమ్స్ దగ్గర పట్టుకున్నానని అతనే చెప్పాడు. పియానో పద్ధతి చాలావరకు ఎస్కెరీటా అనే వాద్యకారుడిది. అంటే దేవుడి కోసం ఆడవాళ్లు పాడిన పాటలోని పూనకాన్ని తెచ్చి, వారాంతపు క్లబ్బుల్లో తాగి ఊగే జనం ముందు పరిచాడు. 1951 నుంచి ఆర్‌సీఏ విక్టర్ కోసం, 1953 నుంచి హ్యూస్టన్‌కు చెందిన పీకాక్ కంపెనీ కోసం చేసిన రికార్డుల్లో ఈ పూనకం వినిపించదు. వాటిలో అతను పొందికగా బ్లూస్ (నల్లవాళ్ల దిగులు పాటలు) పాడే కుర్రాడు, అలాంటి కుర్రాళ్లు ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో పట్నానికి పదిమంది ఉండేవాళ్లు. నాలుగేళ్లు, రెండు కంపెనీలు గడిచినా, వేదిక మీద ఉన్న మనిషి స్టూడియో గుమ్మం దాటి లోపలికి రాలేదు.

గాయకుడు లాయిడ్ ప్రైస్ సలహా మీద 1955 మొదట్లో అతను ఒక టేపు చేసి లాస్ ఏంజెలెస్‌లోని స్పెషాల్టీ రికార్డ్స్‌కు పంపాడు. కంపెనీ యజమాని ఆర్ట్ రూప్ ఆసక్తికరమైన మనిషి. ఈ వ్యాపారంలోకి దిగే ముందు 200 డాలర్లు పెట్టి, నల్లజాతి శ్రోతలు కొంటున్న రికార్డులను తెచ్చుకుని, స్టాప్‌వాచీ పెట్టుకుని వాటిని విన్నాడు. ఏవి అమ్ముడవుతున్నాయి, వాటిలో సమానంగా ఉన్నదేమిటి అని కొలిచి చూసుకున్నాడు. సంగీతాన్ని కొలవవచ్చని నమ్మిన మనిషి కొలతకు అందని గొంతును కొనుక్కోవడం ఈ కథలోని చిన్న తమాషా. టేపు వచ్చాక నెలల తరబడి జవాబు రాలేదు, రిచర్డ్ మాత్రం ఫోన్ మీద ఫోన్ చేసి ప్రాణం తీశాడంటారు. చివరికి రూప్ అతన్ని పాత ఒప్పందం నుంచి విడిపించి, రాబర్ట్ ‘బంప్స్’ బ్లాక్‌వెల్ అనే నిర్మాతను ఇచ్చి న్యూ ఆర్లీన్స్ పంపాడు. ఆ ఊరే ఎందుకంటే, అప్పట్లో బాగా అమ్ముడవుతున్న గాయకుడు ఫ్యాట్స్ డామినో రికార్డులు అక్కడ, కోసిమో మటాసా స్టూడియోలోనే తయారవుతున్నాయి. అదే గది, అదే వాద్యకారులు దొరికితే అదే అమ్మకం దొరుకుతుందన్నది లెక్క.

ఆ గది నార్త్ ర్యాంపార్ట్, డుమేన్ వీధుల మూల మీద ఉండేది. సుమారు 15 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. మన ఇళ్లలో కాస్త పెద్ద పడకగది ఎంతుంటుందో అంత. అందులోనే పియానో, డ్రమ్స్, బాస్, గిటారు, రెండు శాక్సఫోన్లు, గాయకుడు. వాద్యానికో మైకు, మైకుకో ట్రాకు అన్న సౌకర్యం అప్పటికి లేదు. అందరూ ఒకేసారి వాయించాలి, అదంతా ఒకే ట్రాకు మీదికి ఎక్కాలి, తర్వాత కూర్చుని గొంతు పెంచుదాం, డ్రమ్ము తగ్గిద్దాం అంటే కుదరదు. శాక్సఫోన్ గట్టిగా వినిపిస్తుంటే వాయించేవాణ్ణి రెండడుగులు వెనక్కి జరపడమే మార్గం. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే ఆ రోజుల్లో మిక్సింగ్. (ఆ భవనంలో తర్వాతి కాలంలో బట్టలుతికే యంత్రాల లాండ్రీ వెలిసింది. మాటలను ఉతికిన కథకు ఇంతకంటే తగిన ముగింపు ఉండదని రాయాలనిపిస్తుంది గానీ, ఆ గదిలో ఉతుక్కు లొంగనిదాని గురించే నా వాదన కాబట్టి ఆ చమత్కారం వదిలేస్తున్నాను.)

వాద్యకారులందరూ నగరంలో పేరున్నవాళ్లు. డ్రమ్స్ మీద అర్ల్ పామర్, టెనర్ శాక్సఫోన్ మీద లీ అలెన్, బారిటోన్ మీద ఆల్విన్ ‘రెడ్’ టైలర్, బాస్ మీద ఫ్రాంక్ ఫీల్డ్స్, గిటారు మీద జస్టిన్ ఆడమ్స్. జాజ్ తెలిసినవాళ్లు, పద్ధతైనవాళ్లు. సెప్టెంబరు 13, 14 తేదీల్లో వాళ్లతో కలిసి రిచర్డ్ పాడిన పాటల్లో ఎక్కువ భాగం నిదానమైన బ్లూస్. బ్లాక్‌వెల్ చెప్పిన ప్రకారం, ఎదురుగా ఉన్న మనిషి జుట్టు, చొక్కా, మాట చూస్తే ఒక తుఫాను, గొంతు వింటే ఒక బెదురు. రెండో రోజు మధ్యాహ్నానికి చేతిలో అమ్మదగిన పాట ఒక్కటీ లేదు. భోజనానికి డ్యూ డ్రాప్ ఇన్ అనే చోటుకు వెళ్లారు.

ఈ చోటు గురించి కొంచెం చెప్పాలి. లసాల్ వీధిలో ఉన్న డ్యూ డ్రాప్ నల్లవాళ్ల హోటలూ, క్లబ్బూ, మంగలి దుకాణమూ అన్నీ. నల్లజాతి కళాకారులను ఊళ్లోని తెల్లవాళ్ల హోటళ్లు రానివ్వని కాలంలో వాళ్ల బస అక్కడే. ఆడవేషం కట్టిన మగవాళ్లు రాత్రి కార్యక్రమాలను నడిపించేవాళ్లు. రిచర్డ్ కూడా అంతకుముందు ఊరూరా తిరిగే ప్రదర్శనల్లో ఆడవేషం కట్టి పాడినవాడే. అలాంటి చోట, ఎదురుగా నలుగురు మనుషులు, ఒక పియానో కనబడేసరికి అతను ‘టూటీ ఫ్రూటీ’ ఎత్తుకున్నాడు. అది అప్పటికప్పుడు పుట్టిన పాట కాదు. క్లబ్బుల్లో ఎన్నో రాత్రులు పాడి, ఏ కేకకు జనం లేస్తారో, ఏ మాటకు విరగబడి నవ్వుతారో చూసుకుని, అరగదీసి నునుపు చేసిన పాట. మాటలు మగవాళ్ల మధ్య శృంగారం గురించి, ఏమాత్రం ముసుగు లేకుండా ఉండేవి. కాబట్టి ఆ మధ్యాహ్నం జరిగినదాన్ని యాదృచ్ఛికం అనడానికి నాకు మనసొప్పదు. ఇన్నాళ్లూ స్టూడియోలోకి రానిది స్టూడియో బయట వినబడింది, బ్లాక్‌వెల్‌కు తేడా తెలిసింది. ఇదే మాటలతో దీన్ని అమ్మలేమన్నది కూడా ఆ క్షణానే తెలిసింది.

డొరతీ లబోస్ట్రీ రంగంలోకి వచ్చింది ఇక్కడే. పాటలు రాసే యువతి. బ్లాక్‌వెల్ ఆమెకు కబురు పెట్టాడు. అసలు మాటలు వింటే గానీ కొత్త మాటలు కట్టలేదు, వినిపిద్దామంటే రిచర్డ్‌కు సిగ్గు. ఆడపిల్ల ముఖం చూస్తూ ఆ మాటలు పాడలేక, గోడ వైపు తిరిగి నిలబడి పాడాడని బ్లాక్‌వెల్ గుర్తు చేసుకున్నాడు. ఈ దృశ్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. రాత్రి వందమంది ముందు నడుము తిప్పుతూ పాడగలిగిన పాటను పగలు ఒక్క మనిషి ముందు పాడలేకపోయాడు, వినిపించకా తప్పలేదు, అందుకని గోడకు వినిపించాడు. లబోస్ట్రీ వెళ్లి కొత్త చరణాలు రాసుకుని తిరిగొచ్చేసరికి స్టూడియో గడువు పావుగంట మిగిలింది. ఆమె చరణాల్లో సూ, డైసీ అనే ఇద్దరమ్మాయిలు, వాళ్ల మీద మనసుపడ్డ కుర్రాడు. ఇంటిల్లిపాదీ వినదగినవి. కవిత్వం పాలు ఆ బొప్పాయి ముక్కల్లో పండు పాలు ఎంతో అంతే.

ఈ వరస మొత్తాన్ని లబోస్ట్రీ ఒప్పుకోలేదు. పాట మొత్తం తనదేననీ, ఐస్‌క్రీం పేరు విని తానే రాశాననీ ఆమె చెప్పింది. ఇద్దరి మాటల్లో ఎవరిది నిజమో తేల్చే కాగితం లేదు గానీ, రిచర్డ్ ఆ పాటను అంతకుముందే పాడేవాడన్న వాదన వైపే బలం ఎక్కువని నా అభిప్రాయం. అయినా ఆమెను కొట్టిపారేసే ధోరణి కూడా అన్యాయమే. ఆ సింగిల్ (పక్కకో పాట ఉండే చిన్న రికార్డు) రెండో పక్కనున్న నిదానమైన పాట కూడా ఆమె రాసిందే. పైగా గంటా రెండు గంటల వ్యవధిలో, అప్పటికే బిగుసుకుపోయిన బాణీలో, ఉన్న దరువుకు భంగం రాకుండా, అన్నే అక్షరాల్లో కొత్త మాటలు కూర్చడం తేలిక పని కాదు. ట్యూనుకు పాట రాసే పని ఎలాంటిదో మన సినిమా కవులను అడిగితే చెబుతారు. ఆమె కుదిర్చిన మాటలు పాటకు అడ్డు రాలేదు. ఆ సమయంలో వాటి నుంచి కావలసింది కూడా అదే.

ఇక ఆ పదిహేను నిమిషాలు. మామూలుగా పియానో వాయించడానికి వేరే మనిషి ఉన్నాడు. కానీ ఈ పాట నడకను అతనికి నేర్పేంత సమయం లేదు. అందుకని రిచర్డే పియానో ముందు కూర్చున్నాడు. బ్లాక్‌వెల్ ఒక మైకును పియానో లోపల, ఒక మైకును పియానోకూ రిచర్డ్‌కూ మధ్యన పెట్టించాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆ రికార్డు వినికిడి అంతా ఇక్కడే నిర్ణయమైందని నేననుకుంటాను. గాయకుడి మైకులోకి పియానో దూరుతుంది, పియానో మైకులోకి గొంతు దూరుతుంది, రెంటినీ విడదీయలేం. అంతకుముందు పాడిన బ్లూస్ పాటల్లో రిచర్డ్ నిలబడి, చేతులు ఖాళీగా, ఎవరో వాయిస్తుంటే పాడిన మనిషి. ఇప్పుడు పది వేళ్లతో తాను కొడుతున్న దెబ్బల మీద తానే అరుస్తున్నాడు. సమయం లేకపోవడం వల్ల చేసిన సర్దుబాటు, నాలుగేళ్లుగా బయటే ఉండిపోయిన మనిషిని లోపలికి తెచ్చింది.

డ్రమ్స్ దగ్గర ఇంకో వింత జరిగింది. న్యూ ఆర్లీన్స్ వాద్యకారులకు అలవాటైన నడక షఫుల్. ఒక్కో దెబ్బను మూడు భాగాలు చేసి, మొదటిదీ మూడోదీ పలికిస్తే వచ్చే ఊగుడు నడక అది. మన లెక్కలో తిశ్రగతి. రిచర్డ్ కుడిచేయి అలా ఊగదు. నాలుగు దెబ్బల ఆవర్తంలో ఎనిమిది సమానమైన పోట్లు పొడుస్తూ పోతుంది, అది చతురశ్రం. పామర్ చాలా ఏళ్ల తర్వాత తన జ్ఞాపకాల్లో దీన్ని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ‘టూటీ ఫ్రూటీ’లో తాను ఇంకా షఫులే వాయిస్తున్నాననీ, ఇప్పుడు వింటే అక్కడ వాయించాల్సింది అది కాదని తెలుస్తోందనీ, తర్వాత రాక్ అండ్ రోల్ దరువుగా పేరుపడింది రిచర్డ్ కుడిచేతితో సరితూగే ప్రయత్నంలోనే తనకు వచ్చిందనీ అన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఈ పెనుగులాట స్పష్టంగా తెలుస్తుంది. పియానో నిటారుగా కొడుతుంటే డ్రమ్ము ఇంకా ఊగుతూనే ఉంటుంది, ఒకే దెబ్బలోని రెండో సగం రెండు చోట్ల పడుతుంది. ఏ సంగీత ఉపాధ్యాయుడైనా దీన్ని గతి కుదరలేదనే అంటాడు. నా చెవికి ఆ రికార్డులోని తొందర, ఎక్కడో తూలి పడబోతున్నట్టుండే ఆ పరుగు, వచ్చింది ఆ కుదరకపోవడంలో నుంచే. తర్వాతి పాటల్లో పామర్ రిచర్డ్ చేతి దారికి వచ్చేశాడు, గతి కుదిరింది. ఆ పాటలు ఇంకా గట్టివి, ఇంకా శుభ్రమైనవి, కానీ ఆ తూలుడు వాటిలో లేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. అమెరికాలో అప్పటికి అమల్లో ఉన్నది 1909 నాటి కాపీరైట్ చట్టం. దాని దృష్టిలో పాట అంటే రాసిన మాటలూ, స్వరపరిచిన వరసా. రికార్డు మీద వినిపించే శబ్దానికి సమాఖ్య చట్టం రక్షణ 1972 ఫిబ్రవరి 15 నుంచి చేసిన రికార్డులకే మొదలైంది. పాట ఒకసారి హక్కుదారు అనుమతితో రికార్డయితే, ఆ తర్వాత ఎవరైనా సరే, ప్రతికి 2 సెంట్లు చెల్లించి అదే పాటను మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. హక్కుదారు కాదనడానికి లేదు. వాద్యాల కూర్పును యథాతథంగా ఎత్తుకుంటే? దానికీ అప్పటికే సమాధానం వచ్చేసింది. పౌలా వాట్సన్ అనే నల్లజాతి గాయని పాటను డెక్కా కంపెనీ ఎవెలిన్ నైట్ అనే తెల్ల గాయని చేత పాడించి విడుదల చేసినప్పుడు, మొదటి కంపెనీ తమ కూర్పును దొంగిలించారని దావా వేసింది. కూర్పు అనేది రక్షణ పొందదగిన ఆస్తి కాదని 1950లో కాలిఫోర్నియాలో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు చెప్పారు. 1955లో, ‘టూటీ ఫ్రూటీ’ ఇంకా రికార్డు కాకముందే, లవర్న్ బేకర్ అనే గాయని, తన పాటను స్వరం స్వరం అనుకరించి మరొకరు అమ్ముకుంటున్నారని, చట్టం మార్చమని కోరుతూ కాంగ్రెస్ సభ్యుడు చార్ల్స్ డిగ్స్‌కు రాసింది. చట్టం మారలేదు.

‘టూటీ ఫ్రూటీ’ 1955 చివర్లో బయటికొచ్చి, నల్లజాతి శ్రోతల రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 2వ స్థానానికి, 1956 మొదట్లో జాతీయ పాప్ పట్టికలో 17వ స్థానానికి చేరింది. అదే సమయంలో పాట్ బూన్ అనే తెల్ల యువకుడు డాట్ రికార్డ్స్ కోసం అదే పాట పాడాడు. అది 12వ స్థానానికి వెళ్లింది. లబోస్ట్రీ కడిగిన మాటలు బూన్ శ్రోతలకు ఇంకా ఘాటుగానే తోచాయి కాబట్టి మరోసారి కడిగారు. ఆ రెండో ఉతుకు ఉతికిన జో లూబిన్ పేరు కూడా పాట రచయితల్లో చేరింది. బూన్ రికార్డును ఈరోజు వింటే చెడ్డగా ఏమీ ఉండదు. ప్రతి మాటా స్పష్టంగా తెలుస్తుంది, ఆ కేకలోని ప్రతి అక్షరం ఉచ్చారణ దోషం లేకుండా పలుకుతుంది. చిక్కు అక్కడే వచ్చింది. జతిని తాళం లేకుండా పుస్తకంలో చూసి చదివితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

బూన్ తరఫున ఒక వాదన ఉంది, దాన్ని పక్కన పెట్టేయకూడదు. తెల్లవాళ్ల రేడియో స్టేషన్లు నల్ల గాయకుల రికార్డులు వేయని రోజుల్లో, ఇలాంటి అనుకరణలే ఆ పాటలను కొత్త ఇళ్లలోకి తీసుకెళ్లాయనీ, అసలు గాయకుడి మీద ఆసక్తి రేపాయనీ, పైగా అమ్ముడైన ప్రతి కాపీ మీదా రచయితగా రిచర్డ్‌కూ డబ్బు వచ్చిందనీ అంటారు. మొదటి రెండు మాటల్లో కొంత నిజముంది. మూడోదే నిలవదు. పాట ప్రచురణ హక్కులను రికార్డు విడుదల కాకముందే స్పెషాల్టీకి 50 డాలర్లకు రాసిచ్చానని, అమ్ముడైన ఒక్కో రికార్డుకు తనకు దక్కింది అర సెంటని రిచర్డ్ చెప్పాడు. బూన్ కంపెనీ చెల్లించిన 2 సెంట్లు ముందు చేరేది ప్రచురణ హక్కులున్న చోటికి. అంటే చట్టం గుర్తించిన ఆ చిన్న భాగాన్ని కూడా ఒప్పందం ముందే కొనేసుకుంది, గుర్తించని పెద్ద భాగానికి ఎవరూ ధరే కట్టలేదు. ఇందులో రూప్ ఒక్కడినే దుర్మార్గుడిగా చూపడం నాకు సమ్మతం కాదు. ఆ కాలపు చిన్న కంపెనీలన్నీ ఇలాంటి ఒప్పందాలతోనే నడిచాయి, చాలా కంపెనీలు అంతకంటే అన్యాయంగా నడిచాయి. 1957లో ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో రిచర్డ్ రాక్ అండ్ రోల్ వదిలేసి మతం వైపు వెళ్లిపోయాడు. 1984లో రాయల్టీల కోసం భారీ దావా వేశాడు, తర్వాత అది కోర్టు బయట రాజీతో ముగిసింది.

కానీ 1956లోనే అతను ఇచ్చిన జవాబు దావా కంటే తెలివైనది. తర్వాతి సింగిల్ ‘లాంగ్ టాల్ శాలీ’ తయారీలో అతనూ బ్లాక్‌వెల్ కలిసి ఒక పని పెట్టుకున్నారు. పాట్ బూన్ నోరు తిరగనంత వేగంగా మాటలు నడిపించాలి. ఒక వరసను పదేపదే పాడి, నాలుక మడతపడేంత దాకా బిగించి, అప్పుడు రికార్డు చేశారు. ఆశయం పూర్తిగా నెరవేరలేదు, బూన్ దాన్ని కూడా పాడి 8వ స్థానం దాకా తీసుకెళ్లాడు. అయితే ఈసారి రిచర్డ్ రికార్డు 6వ స్థానంలో ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని కాపాడుకునే దారి లేనప్పుడు, కాగితం మీదికి ఎక్కనిదాని పాళ్లు పెంచుకుంటూ పోవడం తప్ప అతనికి వేరే ఉపాయం లేకపోయింది. ఆ తర్వాత రెండేళ్ల పాటు చేసిన రికార్డుల్లో గొంతు ఇంకా చీలిపోతూ, పియానో ఇంకా గట్టిగా మోగుతూ పోవడానికి వెనక, కళా తృష్ణతో పాటు ఈ లెక్క కూడా పనిచేసిందని నా అనుమానం.

2010లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘టూటీ ఫ్రూటీ’ని తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చుకుంది. అక్కడ భద్రపరిచింది శబ్దాన్ని. 2018లో వచ్చిన సంగీత హక్కుల చట్టం 1972కు ముందరి రికార్డులకూ కొంత రక్షణ ఇచ్చి, ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియోల నుంచి రాయల్టీకి వీలు కల్పించింది. మామూలు ఏఎం, ఎఫ్ఎం స్టేషన్ల సంగతి మాత్రం అలాగే ఉంది. అమెరికాలో అవి పాట వేసినప్పుడు చెల్లించేది రచయితలకూ ప్రచురణకర్తకే, పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ కాదు. ఇప్పటి ముద్రణల్లో ‘టూటీ ఫ్రూటీ’ రచయితలుగా కనిపించే పేర్లు మూడు: పెన్నిమన్, లబోస్ట్రీ, లూబిన్. రిచర్డ్ రికార్డును ఏదైనా ఊళ్లో ఎఫ్ఎంలో వేస్తే, ఆ రికార్డులో ఒక్క మాట కూడా రాయని లూబిన్ పేరు చెల్లింపుల లెక్కలోకి వస్తుంది. ఎనిమిది పోట్ల మీద తిశ్రగతిలో తూలుతూ పరిగెత్తిన అర్ల్ పామర్ పేరు రాదు.